‘ఫింగర్స్ క్రాస్డ్’: ఎప్పుడు అనాలి, ఎలా అనాలి, ఎక్కడ అనకూడదు

తిరుమల సుప్రభాత సేవ కోసం ఆన్‌లైన్ లక్కీడిప్‌లో పేరు నమోదు చేశారనుకోండి. ఆధార్ నంబరు కొట్టారు, తేదీ ఎంచుకున్నారు, సబ్మిట్ నొక్కారు. ఇక మీరు చేయగలిగింది ఏమీ లేదు. కంప్యూటర్ ఎవరి పేరు తీస్తే వాళ్లకే సేవ. పేరు వస్తే డబ్బు కట్టి టికెట్ ఖరారు చేసుకోవాలి, రాకపోతే మళ్లీ వచ్చే నెల చూసుకోవాలి. ఈ మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి ‘ఏమైంది?’ అని అడిగితే ఇంగ్లిష్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు ‘ఫింగర్స్ క్రాస్డ్’. మాటకు మాట ‘మెలిపెట్టిన వేళ్లు’ అని అర్థం.

మంచే జరగాలన్న ఆశ, జరుగుతుందో లేదోనన్న బెరుకు, రెండూ అందులో ఉంటాయి. తిరుపతి కాలేజీ కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, చిత్తూరు నుంచి బెంగళూరు, చెన్నై వెళ్లి ఉద్యోగాలు చేసేవాళ్ల మాటల్లో ఇది మామూలైపోయింది. వాడకం పెరిగిన కొద్దీ గందరగోళం కూడా పెరిగింది. ‘ఆల్ ది బెస్ట్’ అనాల్సిన చోట ఇది అనేవాళ్లున్నారు, మేనేజరు గడువు అడిగితే ఇదే జవాబుగా ఇచ్చేవాళ్లున్నారు. అందుకే ఒక్కో మెట్టూ చూద్దాం. మొదటి మెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. అది కుదిరితే మిగతావి పెద్ద కష్టం కాదు.

మొదటి మెట్టు: సందర్భం సరైనదేనా?

ఈ మాట నోటికి వచ్చినప్పుడు మీకు మీరే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఫలితం ఇంకా తేలలేదా? నేను చేయాల్సింది అయిపోయిందా, లేక ఇది మొదటి నుంచీ నా చేతిలో లేని విషయమా? మంచి జరగాలని నిజంగానే కోరుకుంటున్నానా? మూడింటికీ అవునంటే ధైర్యంగా అనేయండి. ఒక్కదానికి కాదని వచ్చినా వేరే మాట వెతుక్కోండి.

మన చుట్టూ ఉన్న సంగతులతోనే పరీక్షించి చూద్దాం. తిరుపతి నుంచి హైదరాబాద్‌కు నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ తీశారు, వెయిటింగ్ లిస్ట్ 14. చార్ట్ తయారయ్యేదాకా తెలియదు. ఫలితం తేలలేదు, మీరు చేసేదేమీ లేదు, బెర్త్ కావాలి. కాబట్టి ‘వెయిటింగ్ లిస్ట్ ఫోర్టీన్, ఫింగర్స్ క్రాస్డ్’ అనవచ్చు.

ఏపీ ఈఏపీసెట్ రాసి వచ్చారు, ర్యాంకు ఇంకా రాలేదు. ఇక్కడ కొందరికి ఒక సందేహం వస్తుంది. పరీక్ష అయిపోయింది కదా, జరిగిపోయినదానికి ఈ మాట ఎలా వాడతామని. పని జరిగిపోయినా ఫలితం తేలలేదు కాబట్టి వాడవచ్చు. చూడాల్సింది పని ఎప్పుడు జరిగిందన్నది కాదు, ఫలితం మీకు తెలిసిందా లేదా అన్నది. మార్కులు వచ్చేశాక మాత్రం ఈ మాటకు చోటు లేదు. ‘కంగ్రాచ్యులేషన్స్, ఫింగర్స్ క్రాస్డ్’ అని రాసే మహానుభావులు ఉన్నారు. పెళ్లి అయిపోయాక సంబంధం కుదరాలని దీవించినట్టుంటుంది అది.

చిత్తూరు జిల్లా మామిడి రైతు సంగతి చూడండి. ఇక్కడి తోతాపురిలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. చలికాలంలో వచ్చిన పూత నిలవాలి, మంచు, పురుగు తగలకూడదు, కాయ పెరిగే వేసవిలో గాలివాన రాకూడదు. అన్నీ దాటి జూన్‌లో కోతకు వస్తే అప్పుడు ఫ్యాక్టరీలు ఏ ధర ఇస్తాయోనని ఎదురుచూడాలి. మందు కొట్టడం, నీళ్లు పెట్టడం రైతు చేతిలో ఉన్నవి. ధర అతని చేతిలో లేదు. అమెరికాలో ఉన్న స్నేహితుడికి ఆ ఇంటి కుర్రాడు ‘ద క్రాప్ ఈజ్ గుడ్. ఫింగర్స్ క్రాస్డ్ వీ గెట్ ఎ డీసెంట్ ప్రైస్’ అని మెసేజ్ పెడితే అది నూటికి నూరు పాళ్లు సరైన వాడకం. పంట బాగుందన్నది తెలిసిన విషయం, దాన్ని మామూలుగా చెప్పాడు. ధర తెలియదు, దానికి మాత్రమే ఈ మాట తగిలించాడు. ఈ విడగొట్టడం గుర్తుపెట్టుకోండి, ఆఫీసు సంగతికి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

కార్తీకంలో పెళ్లి పెట్టుకుని, కల్యాణ మండపం బయట షామియానా వేయించి, బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త చూసిన ఆడపిల్ల తండ్రికి కూడా ఈ మాట అతుకుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో పారిన వరదను చూసినవాళ్లకు ఆ టెన్షన్ ఏమిటో చెప్పక్కర్లేదు. ‘ఫింగర్స్ క్రాస్డ్ ఇట్ డజంట్ రెయిన్’ అంటే సరిపోతుంది.

ఇక అతకని చోట్లు. రేపు పరీక్ష పెట్టుకుని పుస్తకం తెరవని కుర్రాడు ‘ఫింగర్స్ క్రాస్డ్’ అంటే స్నేహితులు నవ్వుతారు, ఎందుకంటే చేయాల్సింది ఇంకా ఆయన చేతిలోనే ఉంది. జోక్‌గా అయితే పరవాలేదు. ఫీజు కట్టావా అని నాన్న అడిగితే ఇది జవాబు కాదు. కట్టడమో కట్టకపోవడమో మీ పని. బ్యాకప్ తీసుకున్నావా అని అడిగితే ‘ఫింగర్స్ క్రాస్డ్’ అన్నవాడికి మళ్లీ ఎవరూ సర్వర్ అప్పజెప్పరు.

రెండో మెట్టు: వాక్యంలో ఎక్కడ పెట్టాలి

అన్నిటికంటే తేలికైనది ఒంటరిగా వాడటం. ఎవరైనా ‘రిజల్ట్స్ ఎప్పుడు?’ అంటే ‘టుమారో. ఫింగర్స్ క్రాస్డ్!’ అనండి. వ్యాకరణం గొడవ ఉండదు. తెలుగు మాటల మధ్య కూడా ఇమిడిపోతుంది: ‘రేపే రా రిజల్ట్స్, ఫింగర్స్ క్రాస్డ్!’

వాక్యానికి ముందు, వెనక, మధ్యలో ఎక్కడైనా పెట్టవచ్చు. ‘ఫింగర్స్ క్రాస్డ్ ద బస్ ఈజ్ ఆన్ టైమ్’ అనవచ్చు. ‘ఐ విల్ బి ఇన్ చెన్నై బై టెన్, ఫింగర్స్ క్రాస్డ్’ అనీ అనవచ్చు. ‘దిస్ టైమ్, ఫింగర్స్ క్రాస్డ్, వీ విల్ గెట్ ద టికెట్స్’ అని నడిమధ్యన దూర్చినా తప్పు లేదు. అయితే ముందు పెట్టినప్పుడు వెనక పూర్తి వాక్యం రావాలి, కర్త, క్రియ రెండూ ఉండాలి. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. ‘ఫింగర్స్ క్రాస్డ్ టు గెట్ ద జాబ్’ అంటారు. అలా కాదు, ‘ఫింగర్స్ క్రాస్డ్ ఐ గెట్ ద జాబ్’ అనాలి. ‘ఫింగర్స్ క్రాస్డ్ నాట్ టు రెయిన్’ కూడా అంతే. ‘ఫింగర్స్ క్రాస్డ్ ఇట్ డజంట్ రెయిన్’ సరైనది.

రేపటి సంగతి కదా, ‘విల్’ పెట్టాలి కదా అంటారా? పెట్టినా తప్పు కాదు. కానీ ఈ మాట తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు ఎక్కువగా మామూలు వర్తమాన రూపమే వాడతారు: ‘ఐ గెట్’, ‘షీ పాసెస్’, ‘ఇట్ వర్క్స్’. అలా అంటే వాక్యం కూడా తేలిగ్గా ఉంటుంది.

క్రియతో చెప్పాలనుకుంటే ‘కీప్’ వాడండి: ‘ఐ యామ్ కీపింగ్ మై ఫింగర్స్ క్రాస్డ్.’ ‘హావ్’ కూడా నడుస్తుంది: ‘వీ హావ్ గాట్ అవర్ ఫింగర్స్ క్రాస్డ్.’ జరిగిపోయిన కథ చెబుతుంటే ‘షీ కెప్ట్ హర్ ఫింగర్స్ క్రాస్డ్ అంటిల్ ద రిజల్ట్స్ కేమ్’ అనాలి. ఎవరి గురించి చెబుతున్నారో వాళ్ల వేళ్లే రావాలి. నేను అయితే ‘మై’, ఆమె అయితే ‘హర్’, మేమంతా అయితే ‘అవర్’. ‘ఐ యామ్ కీపింగ్ ద ఫింగర్స్ క్రాస్డ్’ అంటే వినేవాడు ఎవరి వేళ్లబ్బా అనుకుంటాడు.

ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు. ‘ఫింగర్ క్రాస్’, ‘ఫింగర్స్ క్రాస్’ అని కుదించకండి. బహువచనమూ ఉండాలి, చివరి శబ్దమూ ఉండాలి. మనిషి కోసం అయితే ‘ఫర్’ వాడాలి, ‘టు’ కాదు. ‘ఐ విల్ కీప్ మై ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యు.’ ఇంటర్వ్యూ కోసం, వీసా కోసం అన్నా అదే: ‘ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యువర్ ఇంటర్వ్యూ.’

మూడో మెట్టు: ఎవరు ఎవరికి అంటున్నారు

ఇక్కడ చాలామంది తడబడతారు. మీ స్నేహితుడు రేపు చెన్నైలో వీసా ఇంటర్వ్యూకి వెళ్తున్నాడు. ప్రోత్సహించాలని మీరు ‘కీప్ యువర్ ఫింగర్స్ క్రాస్డ్’ అన్నారు. అంటే మీరు ఆశ పెట్టుకోమని అతనికే చెప్పారు. ఆ మాట తప్పు కాదు గానీ మీరు అనుకున్నది అది కాదు. మీరు అతని కోసం కోరుకుంటున్నారని తెలియాలంటే ‘ఐ విల్ కీప్ మై ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యు’ అనాలి. ‘కీప్ యువర్ ఫింగర్స్ క్రాస్డ్’ అన్నది ఎక్కువగా ఎదుటివాళ్ల మద్దతు అడిగేటప్పుడు వాడేది: నాకోసం నువ్వు కూడా కోరుకో అని.

ఇద్దరు చిత్తూరు కుర్రాళ్ల మాటల్లో చూస్తే తేడా తెలుస్తుంది.

‘ఏం మామా, రేపేనా ఇంటర్వ్యూ?’

‘రేపు పొద్దున తొమ్మిదికి మామా. రాత్రికే బస్సెక్కేస్తా. కీప్ యువర్ ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ మీ.’

‘తప్పకుండా. ఐ విల్ కీప్ దెమ్ క్రాస్డ్. కాగితాలన్నీ పెట్టుకున్నావు గదా?’

‘పెట్టుకునుండా. బ్యాంక్ స్టేట్‌మెంట్ మాత్రం ఇంకా తీసుకోల్యా.’

‘నీ యబ్బా, దానికి ఫింగర్స్ క్రాస్డ్ గాదురా, ముందు బ్యాంకుకు పో!’

చివరి మాటలో పై మూడు ప్రశ్నల సారమంతా ఉంది. వీసా ఆఫీసరు నిర్ణయం కుర్రాడి చేతిలో లేదు, స్టేట్‌మెంట్ మాత్రం ఉంది.

నాలుగో మెట్టు: నోరు తిరగడం

పెద్ద కష్టమేమీ కాదు. ‘ఫింగర్స్’లో చివరి శబ్దం ‘జ్’కు దగ్గరగా పలుకుతారు. ‘క్రాస్డ్’ అని రాస్తాం గానీ పలికేటప్పుడు చివర ‘ట్’ వినబడుతుంది: ‘క్రాస్ట్’. ‘క్రాసెడ్’ అని రెండుగా విడగొట్టకండి. మనకు మాట చివర అచ్చు తగిలించే అలవాటు ఉంది కాబట్టి ‘క్రాస్టు’ అయిపోకుండా చూసుకుంటే చాలు.

అయిదో మెట్టు: వేళ్లతో చేసి చూపడం

మధ్యవేలిని చూపుడువేలి మీదుగా మెలిపెట్టి చెయ్యి కొంచెం పైకెత్తి చూపిస్తే అదే ఈ సంజ్ఞ. ఐరోపా క్రైస్తవుల శిలువ గుర్తు నుంచి ఇది వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. ఇవాళ వాడేవాళ్లలో మతం ఊసు ఎవరికీ తలపుకు రాదు. గుడి ముందు నిలబడి అన్నా, మసీదు పక్కన నిలబడి అన్నా అభ్యంతరం ఉండదు. మాట అన్నప్పుడల్లా వేళ్లు మెలిపెట్టాల్సిన పనీ లేదు. పెద్దవాళ్లు ఎక్కువగా మాటతోనే సరిపెడతారు.

చెయ్యి ఎక్కడుందన్నది మాత్రం ముఖ్యం. అదే సంజ్ఞను వీపు వెనక దాచి చేస్తే అర్థం తిరగబడుతుంది: ‘నేను ఇప్పుడు చెప్తున్నది అబద్ధం, ఈ మాట లెక్కలోకి రాదు’ అని. ఇంగ్లిష్ దేశాల పిల్లలు అమ్మకు మాట ఇస్తూ వెనక వేళ్లు మెలిపెట్టుకుంటారు, అలా చేస్తే మాట తప్పినా పాపం అంటదని వాళ్ల లెక్క. ఆ తెలివి కాణిపాకంలో పనిచేయదు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేసేటప్పుడు వేళ్లు ఎలా మెలిపెట్టుకున్నా స్వామికి తెలుస్తుందని మన జిల్లావాళ్ల గట్టి నమ్మకం. ఏళ్ల తరబడి తెగని అప్పుల తగాదాలు, దొంగతనాల ఆరోపణలు ఆ గడప దగ్గరకు వచ్చేసరికి తేలిపోతాయంటారు. కాబట్టి శుభం కోరుతూ వేళ్లు మెలిపెడితే చెయ్యి అందరికీ కనిపించేలా పెట్టండి.

ప్రపంచమంతా ఈ సంజ్ఞకు ఒకే అర్థం లేదు. వియత్నాంలో ఇది బూతు సంజ్ఞ. అక్కడి సహోద్యోగులతో వీడియో కాల్‌లో ఉన్నప్పుడు చెయ్యి ఎత్తకపోవడం మంచిది. జర్మన్లు అదృష్టం కోరేటప్పుడు వేళ్లు మెలిపెట్టరు, బొటనవేలిని మిగతా వేళ్ల లోపల పెట్టి పిడికిలి బిగిస్తారు. పోలండ్‌వాళ్లూ బొటనవేలే పట్టుకుంటారు. శ్రీసిటీ కంపెనీల్లో అనేక దేశాలవాళ్లతో కలిసి పనిచేసేవాళ్లకు ఇది పనికొచ్చే సంగతి. ఎవరి ముందైనా అనుమానంగా ఉంటే చెయ్యి దించి ‘ఐ హోప్ ఇట్ గోస్ వెల్’ అనండి చాలు.

ఫోన్‌లో అయితే మెలిపెట్టిన వేళ్ల ఎమోజీ ఉంది. యూనికోడ్ దాన్ని 2016లో చేర్చింది. పక్కనే రెండు వేళ్లు విడివిడిగా నిలబెట్టిన విజయ చిహ్నం ఉంటుంది, తొందరలో అది నొక్కితే ఇంకా ఫలితమే రాకుండా గెలిచేసినట్టు ఉంటుంది. చేతులు జోడించిన ఎమోజీని మనం నమస్కారానికీ ప్రార్థనకూ వాడతాం కాబట్టి దాన్ని దీనికి బదులుగా పెట్టినా ఇక్కడ ఎవరూ తప్పుపట్టరు. కానీ బరువు వేరు. అది తర్వాతి మెట్టులో చెబుతాను.

ఆరో మెట్టు: ఎక్కడ అనకూడదు

‘ఫింగర్స్ క్రాస్డ్’ తేలిక మాట. స్నేహితుల మధ్య, తోటి ఉద్యోగుల మధ్య, చనువున్న టీచర్లతో బాగుంటుంది. ఎస్వీ యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటుకు దరఖాస్తు పెట్టి ప్రొఫెసర్‌గారికి మెయిల్ రాస్తూ చివర ‘ఫింగర్స్ క్రాస్డ్’ అని ముగించకండి. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు, సర్’ అని రాస్తే మర్యాదగా ఉంటుంది. ప్రభుత్వ ఆఫీసుకు రాసే అర్జీల్లో, బ్యాంకు ఉత్తరాల్లో, ఉద్యోగ దరఖాస్తుల్లో దీని పేరే ఎత్తకండి.

ఆసుపత్రి సంగతి సున్నితం. ఎవరికో ఆపరేషన్ జరుగుతోంది, లేదా బయాప్సీ రిపోర్టు రావాలి. బయట బెంచీ మీద కూర్చున్న బంధువులతో ఈ మాట అంటే లక్కీడిప్ స్థాయికి దించేసినట్టు ఉంటుంది. అక్కడ ‘ఐ హోప్ ఎవ్రీథింగ్ గోస్ వెల్’ చాలు. తెలుగులో ‘ఏం కాదు పిన్నీ, ధైర్యంగా ఉండండి’ అనడం ఇంకా మంచిది. ఒకే ఒక్క మినహాయింపు ఉంది. జబ్బుపడిన మనిషే నవ్వుతూ ‘రిపోర్ట్స్ టుమారో, ఫింగర్స్ క్రాస్డ్’ అంటే మీరూ అదే గొంతుతో ‘ఫింగర్స్ క్రాస్డ్’ అనవచ్చు. బరువెంత ఉండాలో ఆ మనిషే చెప్పేశారు కాబట్టి.

మొక్కుల సంగతి వేరే. ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి వచ్చి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్న మనిషి వట్టి ఆశతో కూర్చోలేదు, స్వామితో ఒప్పందం చేసుకున్నాడు. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టాడు. పని అయితే అది తీర్చాలి, తీర్చకపోతే మనసు పీకుతూనే ఉంటుంది. వేళ్లు మెలిపెట్టినవాడు ఎవరికీ ఏమీ బాకీ పడడు. కాబట్టి మీ అమ్మ మొక్కుకున్న సంగతిని బయటి దేశపు స్నేహితురాలికి చెప్పేటప్పుడు ‘మై మదర్ ఈజ్ కీపింగ్ హర్ ఫింగర్స్ క్రాస్డ్’ అంటే ఆమె మొక్కును బాగా పలచన చేసినట్టే. ‘షీ హాజ్ మేడ్ ఎ వౌ ఎట్ తిరుమల’ అనండి. ‘షీ ఈజ్ ప్రేయింగ్ ఫర్ మీ’ అన్నా సరిపోతుంది.

ఏడో మెట్టు: ఆఫీసులో

ఉద్యోగం చేసేవాళ్లకు ఇదే అసలు పనికొచ్చే భాగమని నా నమ్మకం. క్లయింటు అడుగుతాడు: ‘విల్ ఇట్ బి రెడీ బై ఫ్రైడే?’ మీరు హుషారుగా ‘ఫింగర్స్ క్రాస్డ్!’ అంటారు. మీ దృష్టిలో అది ఆశావాదం. అతని చెవికి మాత్రం ‘ఏమో, అదృష్టం బాగుంటే అవుతుంది, నాకైతే గ్యారంటీ లేదు’ అని వినిపిస్తుంది. మీ పని మీద మీకే పట్టు లేదని మీరే ఒప్పుకున్నట్టు.

మామిడి కుర్రాడి మెసేజ్ గుర్తుందా? తెలిసినదాన్ని, తెలియనిదాన్ని విడగొట్టాడు. ఇక్కడా అదే చేయండి. ‘మై పార్ట్ విల్ బి రెడీ బై థర్స్‌డే. ద టెస్టింగ్ టీమ్ హాజ్ టు అప్రూవ్ ఇట్, సో ఫింగర్స్ క్రాస్డ్ దట్ కమ్స్ త్రూ బై ఫ్రైడే.’ నా వంతు గురువారానికి అయిపోతుంది, ఆ మీద టెస్టింగ్ వాళ్లు సరే అనాలి, అది మాత్రం నా చేతిలో లేదు. ఇప్పుడు మీ మీద నమ్మకం పెరుగుతుంది, ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో కూడా అతనికి ముందే తెలుస్తుంది.

ఎదుటివాళ్లు అన్నప్పుడు వినడం కూడా నేర్చుకోవాలి. బ్రిటిష్ మేనేజరు ‘యువర్ ప్రమోషన్ షుడ్ కమ్ త్రూ, ఫింగర్స్ క్రాస్డ్’ అంటే స్వీట్లు పంచకండి. అతను మాట ఇవ్వలేదు. అవకాశం ఉంది, పైవాళ్లు తేల్చాలి అన్నాడంతే. ఇంటి దగ్గర ఫోన్ చేసి ‘ప్రమోషన్ వచ్చేసిందమ్మా’ అనేంత సరుకు అందులో లేదు.

ఎవరైనా మీతో ‘ఐ విల్ కీప్ మై ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యు’ అంటే ‘థ్యాంక్స్’ లేదా ‘థాంక్యూ, ఐ నీడ్ ఇట్’ అని నవ్వండి. ‘నో నీడ్’ అనకండి. మనకు అది మొహమాటం, వాళ్లకు తోసిపుచ్చినట్టు.

ఎనిమిదో మెట్టు: దీని చుట్టాలతో కలిపేయకండి

‘టచ్ వుడ్’ దీనికి దగ్గరి బంధువు. అమెరికాలో ‘నాక్ ఆన్ వుడ్’ అంటారు. ఇప్పటికే బాగున్నది అలాగే ఉండాలని, చెప్పినందువల్ల చెడిపోకూడదని అనేది ఇది. ‘బండి కొన్నప్పటి నుంచి ఒక్క పంచర్ కూడా కాలేదు, టచ్ వుడ్.’ మన దిష్టి భయమే అక్కడ చెక్కను ముట్టుకుంటుంది. జరగబోయే మంచి కోసం అయితే వేళ్లు, ఉన్న మంచి నిలవడం కోసం అయితే చెక్క.

‘ఆల్ ది బెస్ట్’, ‘గుడ్ లక్’ ఎదుటివాళ్లకు ఇచ్చే శుభాకాంక్షలు. మీ సొంత విషయానికి వాడలేరు. పరీక్ష హాలు గేటు దగ్గర మీ చెల్లెలికి చెప్పాల్సింది ‘ఆల్ ది బెస్ట్’. ఆమె లోపలికి వెళ్లిపోయాక బయట చెట్టు కింద నిలబడిన మీరూ మీ నాన్నా ఒకరితో ఒకరు అనుకునేది ‘ఫింగర్స్ క్రాస్డ్’.

‘బ్రేక్ ఎ లెగ్’ రంగస్థలం మాట. నటులకు వేదిక ఎక్కేముందు అదృష్టం కోరుతూ ‘కాలు విరగ్గొట్టుకో’ అంటారు. తిరుపతి మహతి ఆడిటోరియంలో కూచిపూడి చేయబోతున్న అమ్మాయితో సరదాగా అనవచ్చు, ఆమెకు ఇంగ్లిష్ నుడికారం తెలిస్తేనే. పక్కన వాళ్ల అమ్మమ్మ ఉంటే మాత్రం వద్దు. తథాస్తు దేవతలు ఉంటారని, కాస్త ఆలోచించి మాట్లాడమని గట్టిగా చీవాట్లు పెడుతుంది.

‘క్రాస్ మై హార్ట్’ పేరులో పోలిక ఉంది గానీ అర్థంలో దూరం. అది ఒట్టు వేయడం, నేను చెప్పేది నిజమని. అంటే వీపు వెనక మెలిపెట్టిన వేళ్లకు సరిగ్గా ఎదురు నిలిచే మాట.

తొమ్మిదో మెట్టు: చేసి చూడండి

కింద కొన్ని సందర్భాలు ఇస్తున్నాను. చదివిన వెంటనే మీ జవాబు నోటితో అనుకుని, ఆ తర్వాత ముందుకు వెళ్లండి.

అక్కకు హెచ్‌1బీ కోసం కంపెనీ రిజిస్ట్రేషన్ వేసింది. ఏటా ఇచ్చే వీసాలు 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20,000. దరఖాస్తులు అంతకన్నా ఎక్కువ వస్తాయి కాబట్టి ఎంపిక జరుగుతుంది. ఆమెకు ఏమని మెసేజ్ పెడతారు? ‘కీపింగ్ మై ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ యు, అక్కా’ సరైనది. మెసేజ్‌లో ‘ఐ యామ్’ వదిలేసినా ఇబ్బంది లేదు.

అన్న టెండరు గెలిచాడు. ఇక్కడ ఈ మాట వద్దు. ‘కంగ్రాట్స్’ అనండి.

నాలుగేళ్లుగా ఇంట్లో ఎవరూ ఆసుపత్రి ముఖం చూడలేదని మామయ్య ఇంగ్లిష్‌లో చెప్పాలనుకుంటున్నాడు. ‘టచ్ వుడ్’ అందించండి.

మీరు అడిగిన సెలవు ఇంకా మంజూరు కాలేదు, గంగజాతరకు ఊరికి వెళ్లాలి. ‘ఐ హావ్ అప్లైడ్ ఫర్ లీవ్. ఫింగర్స్ క్రాస్డ్ ఇట్ గెట్స్ అప్రూవ్డ్ బిఫోర్ ద జాతర.’ జాతరను జాతర అనే అనండి. ఫెయిర్ అంటే జెయింట్ వీల్ గుర్తొస్తుంది, గంగమ్మ గుర్తురాదు.

మేనేజరు అడిగాడు: నిన్న చెప్పిన రిపోర్టు పంపావా? అవునో కాదో చెప్పండి. వేళ్ల జోలికి పోకండి.

పదో మెట్టు: ఫలితం వచ్చాక

వేళ్లు మెలిపెట్టమని అడిగిన మనిషికి ఫలితం చెప్పడం మర్యాద. చాలామంది మర్చిపోతారు. మంచే జరిగితే ‘ఐ గాట్ ఇట్! యు కెన్ అన్‌క్రాస్ యువర్ ఫింగర్స్ నౌ’ అనవచ్చు. ఇది ఇంగ్లిష్‌వాళ్లు సరదాగా అనే మాటే, మనం కల్పించింది కాదు. పని కాకపోతే ‘ఇట్ డిడంట్ వర్క్ అవుట్ దిస్ టైమ్, బట్ థాంక్యూ’ అని చిన్నగా చెప్పి ఊరుకోండి. అవతలివాళ్లు ‘ఫింగర్స్ క్రాస్డ్ ఫర్ నెక్స్ట్ టైమ్’ అంటే దానికి ‘థ్యాంక్స్’ చాలు, కారణాలన్నీ ఏకరువు పెట్టాల్సిన పని లేదు.